సారు లేరు

సినిమాల్లో ఇళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కథలో కిరాణా కొట్టు గుమాస్తా కుటుంబం అంటారు, గోడకి ఒక్క ఖాళీ మేకు కనిపించదు. మన ఇళ్ళలో ఎన్ని ఖాళీ మేకులుంటాయో ఎప్పుడైనా చూశారా? వంటింట్లో నూనె డబ్బాకి జిడ్డుండదు, కుళాయికి గుడ్డపీలిక కట్టి ఉండదు, ఫ్రిజ్ మీద మందుల చీటీలుండవు. ఆ ఇంట్లో మనుషులు ఎంత ఏడ్చినా నాకు ఏడుపు రాదు. ముందు ఆ గోడలకి రంగు వేయించినవాణ్ణి పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది.

ఈ కోపమే నాకు తిండి పెడుతోంది. పన్నెండేళ్ళుగా సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. కథలో ఇంటికి కావలసిన సామాను సమకూర్చి ఎక్కడిదక్కడ సర్దడం నా పని. మంచం, గడియారం, చీపురు, దేవుడి పటం, అన్నిటినీ కలిపి మేం ప్రాపర్టీ అంటాం. అవి అద్దెకిచ్చే గోడౌన్లు బోలెడున్నాయి. కానీ అక్కడి గోడగడియారం అప్పటికే నలుగురు హీరోల తండ్రుల ఇళ్ళలో తిరిగొచ్చి ఉంటుంది. నాకది నచ్చదు.

అందుకని నేను ఇళ్ళు చూస్తాను. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు తెచ్చిచ్చేలోపు నా కళ్ళు గోడలన్నీ తిరిగొస్తాయి. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే లోకల్ ట్రైన్‌లో ఒకావిడ తెగిన బ్యాగు జిప్పుకి పిన్నీసు పెట్టుకుని ఎంతో జాగ్రత్తగా ఒళ్ళో దాచుకుంది. స్టేషన్‌లో దిగగానే ఒక పక్కకి నిలబడి అది నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండు నెలల తర్వాత ఆ పిన్నీసు ఒక హీరోయిన్ బ్యాగుకి వచ్చింది. ఇవన్నీ నీకెలా తడతాయి అని ఎవరైనా అడిగితే "జీవితం నుంచే" అని గొప్పలు పోయేదాన్ని. ఎవరి జీవితం నుంచి అని ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

సీతాఫల్‌మండిలో నేనుండే రెండంతస్తుల ఇంట్లో కింది వాటా నాది. పై వాటాలో రిటైరైన తెలుగు మాస్టారు, ఆయన భార్య ఉంటారు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉండిపోయారు. పిల్లలు లేరు. సారు చర్చిలో సంఘ పెద్ద, ప్రతి ఆదివారం వాక్యం చదివేది ఆయనే. ఇద్దరూ సినిమాలు చూడరు. లోకసంబంధమైనవి అంటారు. అయినా నేను సాయంత్రం స్కూటీ లోపల పెడుతుంటే చాలు, సారు వరండాలోంచి తొంగి చూసి "అమ్మాయ్, ఇవాళ ఎవర్ని ఏడిపించారు?" అని అడిగేవారు. చెప్పినదాకా వదిలేవారు కాదు. చూడనుగానీ వింటానంటారు, అదేం లెక్కో మరి.

ఆ ఇల్లు నాకు గని. అబద్ధమెందుకు, నేను పైకెళ్ళింది సగం వాళ్ళ కోసం, సగం ఆ ఇంటి కోసం. బైబిల్ మీద మడిచి పెట్టిన కళ్ళజోడు, దాని కాడకి చుట్టిన ఎర్రదారం. చర్చి కేలండర్‌లో పాలు రాని రోజులకి పెట్టిన సున్నాలు. ఆంటీ చేత్తో కుట్టిన టీవీ కవరు, లోపల వార్తలు తప్ప ఏదీ చూపించని టీవీ. కాఫీ తాగుతూ ఇవన్నీ చూసుకుని కిందికొచ్చి రాసుకునేదాన్ని. ఆంటీ చేసిన బూరెలు తింటూ ఆమె ఇంటినే కళ్ళతో జేబులో వేసుకునేదాన్నని ఇప్పుడు తలుచుకుంటే ఛీ అనిపిస్తుంది.

ఒక చిన్న సంగతి ముందే చెప్పాలి. సారు స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన సెల్లు మోగితే ఆంటీ ఎత్తి "సార్ లేరండీ" అనేది. వెంటనే బాత్రూంలోంచి కేక వినిపించేది.

"ఉన్నానని చెప్పవే! స్నానం చేస్తున్నాడని చెప్పు! నువ్వలా లేరు లేరు అంటే అవతలివాళ్ళు పూలదండ పట్టుకొస్తారు!"

ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. సారు తల తుడుచుకుంటూ బయటికొచ్చి నాకు పాఠం మొదలెట్టేవారు. "చూశావా అమ్మాయ్, మన తెలుగులో మనిషి బజారుకెళ్ళినా, చచ్చిపోయినా ఒకటే మాట. లేరు! ఎంత పొదుపైన భాషో!" ఈ పాఠం నేను కనీసం ఇరవైసార్లు విని ఉంటాను. కాబట్టి ఆ మాట సంగతి నాకు తెలియదని మాత్రం అనడానికి లేదు.

ఆమధ్య నా చేతికి ఒక చిన్న సినిమా వచ్చింది. తండ్రి పోయాక ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చిన ఒక కూతురి కథ. అల్వాల్‌లో ఒక పాత బంగ్లా తీసుకున్నారు. కథలో ఆ తండ్రి టీచరు. వినగానే నా కళ్ళ ముందు మా పై వాటా కనిపించింది. అదే సాయంత్రం మెట్లెక్కి అడిగాను.

"ఆంటీ, ఓ వారం రోజులు మీ ఇంటి సామాను జెర ఇస్తరా? మంచిగ చూసుకుంట."

ఆంటీ సారు వైపు చూసింది. సారు అప్పటికే లేచి గడియారం దింపుతున్నారు. గడియారం, టీవీ కవరు, చేతికర్ర, బెత్తం కుర్చీ, అన్నీ ఒక్కొక్కటే తుడిచి ఇచ్చారు. చివర్న గోడ మీది తన ఫోటో కూడా దింపారు. రిటైరైన రోజు స్కూల్లో తీసింది, కోటు వేసుకుని, నవ్వు ఆపుకోలేకపోతున్న ముఖంతో.

"గోడ బోసిగా ఉంటే ఏం బాగుంటుంది? నన్ను కూడా ఓ మూల తగిలించు" అన్నారు.

"సినిమాలో కనపడతారా? సంఘంలో ఎవరైనా చూస్తే?" అంది ఆంటీ.

"ఫోటో కదే. నేనెక్కడ నటిస్తున్నానూ?" అన్నారు సారు. ఆ ముఖంలో ఆశ చూసి నాకు ముద్దొచ్చింది. పరీక్షలో పేరు మొదట వచ్చిన పిల్లాడిలా ఉన్నారు.

షూటింగులో మూడోరోజు ముఖ్యమైన సీన్. కూతురు తండ్రి ఫోటో ముందు నిలబడి, ఇల్లు అమ్మేశానని చెప్పి ఏడవాలి. తండ్రిగా ఒక నటుడి ఫోటో పంపిస్తామన్నారు ప్రొడక్షన్ వాళ్ళు. తొమ్మిదైంది, పదైంది, ఫోటో రాలేదు. చివరికి తెలిసిందేమిటంటే, ఆ నటుడు ఒప్పుకోలేదు. బతికుండగా దండ వేయించుకోనన్నాడట.

దీన్ని నవ్వులాటగా తీసుకోకండి. మా ఫీల్డులో ఇది పెద్ద పట్టింపు. బతికున్న మనిషి ఫోటోకి దండ వేయాలంటే ముందు ఆ మనిషి ఒప్పుకుని సంతకం పెట్టాలి. షాట్ అయ్యాక గుమ్మడికాయతో దిష్టి తీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మనిషిని కెమెరా ముందు నిలబెట్టి, నవ్వించి, ఒక షాట్ తీయాలి. ఆ నవ్వు సినిమాలో ఎక్కడా ఉండదు, మన తృప్తికే. శవంగా వేసిన నటుడైనా సరే, లేచి కూర్చుని కెమెరాకేసి ఒక నవ్వు నవ్వి గానీ ఇంటికి పోడు. ఎన్నిసార్లు చూశానో.

మా ఆర్ట్ డైరెక్టర్ నెత్తి పట్టుకున్నాడు. "ఏందమ్మా గిట్ల? ఫోటో లేకుండ సీన్ ఎట్ల తీస్తరు? ఎవరిదో ఒకరిది చూడు, జల్ది!" అని నా మీద పడ్డాడు. లైట్లు పెట్టేశారు. హీరోయిన్ గ్లిజరిన్ వద్దని, నిజంగా ఏడుపు తెచ్చుకుంటానని ఒక మూల కళ్ళు మూసుకుని కూర్చుంది. అందరూ నా వైపే చూస్తున్నారు. తలుపు పక్కన, మూలలో, సారు కోటు వేసుకుని నవ్వు ఆపుకుంటున్నారు.

నేనే దింపాను. నా చేతులతోనే దింపి హాలు మధ్యలో మేకుకి తగిలించాను. గంధపు చెక్క దండ తెచ్చి వేశాను. ఇది ఎవరో చెబితే చేసింది కాదు.

మేకప్ చూసే పెద్దాయన కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చాడు, ఫోటోకి బొట్టు పెట్టడానికి. ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి. వేలు ముంచి, ఆగి, నన్నడిగాడు.

"ఎవరమ్మా ఈ సారు? ఉన్నడా?"

ఆ పొద్దున నేను స్కూటీ తీస్తున్నప్పుడు సారు బైబిల్ సంచి భుజాన వేసుకుని గేటు దాటారు. మల్కాజ్‌గిరిలో ఎవరింట్లోనో ప్రార్థన కూటం ఉందని చెప్పి వెళ్ళారు. ఇప్పుడు ఇంటికి మనిషిని పంపినా దొరకరు. ఫోన్ చేస్తే విషయం చెప్పాలి. చెప్తే ఆయన ఒప్పుకుంటారో లేదో, ఒప్పుకున్నా రప్పించాలి, సంతకం, గుమ్మడికాయ, నవ్వు. ఎంత లేదన్నా అరగంట. గంట కూడా కావచ్చు.

"లేరు" అన్నాను.

అబద్ధం కాదు కదా. ఇంట్లో లేరు. నాకు నేను చెప్పుకున్నది అదే. ఆ పెద్దాయన "అయ్యో" అన్నాడు. కుంకుమ వేలు అలాగే పట్టుకుని, రెండో చేతిని గుండె మీద పెట్టుకుని సారు ఫోటోకి తల వంచాడు. "మంచి ముఖం" అన్నాడు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. ఆయన క్రైస్తవుడు, బొట్టు పెట్టకండి అని ఆ ఒక్క ముక్కయినా చెప్పొచ్చు. కుక్కిన పేనులా నిలబడ్డాను. ఆయన అద్దం మీద, సరిగ్గా సారు నుదుటి దగ్గర, ఎర్రగా గుండ్రంగా బొట్టు పెట్టాడు.

షాట్ ఒక్క టేకులో ఓకే అయింది. మానిటర్‌లో చూశాను. ఏడుస్తున్న అమ్మాయి ముఖం మసకబారి, వెనకాల సారు ముఖం మెల్లగా స్పష్టంగా వచ్చింది. ఆ నవ్వు ఆపుకుంటున్న ముఖానికి దండ వేసేసరికి యూనిట్‌లో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఆర్ట్ డైరెక్టర్ నా భుజం తట్టి "ఏం ఫోటో పట్టినవ్ చెల్లె! జబర్దస్త్!" అన్నాడు. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఇన్నేళ్ళలో నేను సర్దిన ఏ వస్తువూ అంత బాగా పండలేదు. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి, కానీ ఆ రోజు మధ్యాహ్నం నేను రెండు స్వీట్లు అడిగి మరీ వేయించుకుని తిన్నాను.

సామాను తిరిగిచ్చే ముందు ఫోటో అద్దం తడిగుడ్డతో తుడిచాను. బొట్టు పోయింది. చెక్క ఫ్రేము అంచు సందులో మాత్రం కొంచెం ఎరుపు దిగింది. పుల్లతో గీకినా రాలేదు.

"నన్ను ఎక్కడ తగిలించావ్?" అని అడిగారు సారు, ఫోటో గోడకి పెడుతూ.

"హాల్ల సార్. నడిమిట్ల."

"అబ్బో! నడిమిట్లే!" అని నా మాటని అనుకరించి, ఆంటీ వైపు తిరిగి కళ్ళెగరేశారు. "కనపడతానా మరి?"

"మంచిగ కనబడ్తరు."

అన్నీ నిజాలే చెప్పాను చూడండి. ఒక్క అబద్ధం లేదు.

సినిమా రావడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. రోజూ ఆ గేటులోంచే వచ్చాను, వెళ్ళాను. చెప్పాలని ఎన్నిసార్లు మెట్లెక్కానో, ఆంటీ "రా, కాఫీ తాగుదువుగాని" అనగానే కాఫీ తాగి కిందికొచ్చేసేదాన్ని. ఎడిటింగులో పోతుందిలే అనుకున్నాను. చిన్న సినిమా, ఎవరు చూస్తారులే అనుకున్నాను. సారువాళ్ళు సినిమాలు చూడరు కదా అని కూడా అనుకున్నాను. వాళ్ళ నియమం నాకు అక్కరకొచ్చింది. థియేటర్లలో ఒక వారం ఆడి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత అది ఫోన్లలోకి వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర స్కూటీ కడుగుతున్నాను. ఆటో ఆగింది. యాభై ఏళ్ళ మనిషి దిగాడు, తెల్లచొక్కా, చేతిలో తెల్ల చామంతుల పూలచక్రం. క్రైస్తవుల ఇళ్ళలో చావుకి తీసుకెళ్తారే, అది.

"తెలుగు సార్ ఇల్లు ఇదేనామ్మా? నేను ఆయన స్టూడెంట్‌ని. నిన్ననే తెలిసింది. సినిమాల ఫోటో చూసి..." అంటూ పూలచక్రం రెండో చేతికి మార్చుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

నా చేతిలో పైపు నీళ్ళు నా కాళ్ళ మీదే పడుతున్నాయి. అతన్ని ఆపొచ్చు. అన్నా, ఆగండి, సారు బంగారంలా ఉన్నారు, తప్పు నాది అని అక్కడికక్కడ చెప్పి పంపేయొచ్చు. నేను పైకి వేలు చూపించాను. అంతే. అతను మెట్లెక్కుతుంటే పైపు కట్టేసి లోపలికెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుని నిలబడ్డాను. ఇంత పిరికిదాన్నని నాకు అప్పటిదాకా తెలియదు.

పైన తలుపు తీసిన చప్పుడు. తర్వాత "సార్!" అని గట్టిగా ఒక అరుపు. ఆ తర్వాత సారు నవ్వు. ఇల్లంతా అదిరేలా నవ్వారు. "మా ఆవిడ లేరు లేరు అంటుంటే అనుకున్నాను, ఎప్పుడో ఒకరోజు దండ పట్టుకొస్తారని! ఏమే, ఇలా రా, నాకు పూలొచ్చాయి!"

ఆంటీ నవ్వు మాత్రం వినిపించలేదు.

కాసేపటికి నన్ను పిలిచారు. ఆ స్టూడెంట్ ఫోన్‌లో ఆ సీను ఆపి పెట్టాడు. దండ, బొట్టు, నవ్వు ఆపుకుంటున్న ముఖం. సారు కళ్ళజోడు ఎర్రదారం సర్దుకుంటూ "బొట్టు బాగానే కుదిరిందే నాకు!" అంటున్నారు. పూలచక్రం కుర్చీలో ఉంది. అతిథిలా దాన్ని కూర్చోబెట్టి ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఆంటీ ముఖం పాలిపోయింది.

"ఇదేంటమ్మా?" అంది నన్ను.

తల కొట్టేసినట్టయింది. అంతకన్నా నీచమైన పని ఆ తర్వాత చేశాను.

"ఆంటీ, ఒట్టు... ఆ టైంకి నేను అక్కడ లేను. సారు ఫోటో మూలకే పెట్టిన. నేను లేనప్పుడు ఎవరో తీసి, దండ గిట్ల ఏసి..."

"చెప్పలా!" అన్నారు సారు వెంటనే, ఆంటీతో. "అమ్మాయి అలా చెయ్యదని నేను చెప్పలా! ఎవడో తెలియక చేసుంటాడు. పోనీ పాపం." నా తల మీద చెయ్యి వేశారు. "నువ్వేం బాధపడకు. చచ్చిపోయాక ఎంతమంది వస్తారో చూసుకునే అదృష్టం అందరికీ దొరకదు. నాకు ఒకడొచ్చాడు. చాలు."

ఆ చెయ్యి నా తల మీద ఎంతసేపుందో గానీ, నాకు మాత్రం మోయలేనంత బరువనిపించింది.

మర్నాడు ఆంటీ కిందికి దిగింది. మోకాళ్ళ నొప్పులని ఆవిడ అవసరమైతే తప్ప మెట్లు దిగదు. నా గుమ్మంలో నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"సినిమావాళ్ళు చచ్చిపోయినట్టు వేసినవాళ్ళకి ఏదో చేస్తారట కదా? నవ్వించి ఫోటో తీస్తారట. మా సార్‌కి అది తీశారా?"

"లే... తియ్యలే ఆంటీ."

"మాకు అలాంటివి నమ్మకం లేవనుకో. ప్రభువు చిత్తం లేకుండా ఏదీ జరగదు. అయినా..." అని ఆగింది. మళ్ళీ "అయినా నువ్వొకటి తియ్యవా?" అంది.

డాబా మీద తీశాను. సారుకి విషయం చెప్పలేదు ఆంటీ, ఊరికే ఫోటో అంది. ఆయన బనీను మీద చొక్కా వేసుకొచ్చి, "ఈసారి దండ వద్దా?" అని పగలబడి నవ్వారు. క్లిక్ చేశాను. ఆంటీ నా పక్కనుంచి ఫోన్‌లోకి చూసి "కళ్ళు సరిగ్గా పడలేదు, ఇంకొకటి" అంది. తర్వాత ఇంకొకటి. పదకొండు తీయించింది. కళ్ళు అన్నిటిలోనూ సరిగ్గానే పడ్డాయి.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే సమయంలో సారు లేచి నిలబడ్డారట. వాళ్ళలో అది ఆచారం. మనిషి అందరి ముందూ లేచి తనకి జరిగింది, తను చేసింది చెప్పుకుంటాడు. "సినిమా వద్దని మీకు చెప్పే నేను, సినిమాలో కనపడాలని ఆశపడి ఫోటో ఇచ్చాను. అది నా తప్పు" అని చెప్పి కూర్చున్నారట. ఈ మాట ఆంటీ నాకు గర్వంగా చెప్పింది. నాకు మొహం చెల్లలేదు. ఆయన చేసినదాంట్లో తప్పేముంది? దానికి రెండొందలమంది ముందు లేచి నిలబడ్డారు. నేను ఇద్దరి ముందు నిలబడలేకపోయాను.

అప్పటినుంచి ఆంటీ ఆ మాట అనడం మానేసింది. నేను గమనించడానికి కొన్నాళ్ళు పట్టింది. సారు స్నానంలో ఉండగా ఫోన్ మోగితే "ఉన్నారండీ, ఐదు నిమిషాల్లో మాట్లాడతారు" అంటుంది. బజారుకెళ్తే "వచ్చేస్తారు" అంటుంది. ఎవరైనా అడిగితే ఒక్కసారి కూడా లేరు అనదు. బాత్రూంలోంచి కేకలు కూడా ఆగిపోయాయి, కేకెయ్యడానికి ఏముంది ఇక. నలభై ఏళ్ళ మొగుడూపెళ్ళాల సరదా ఒకటి, నా అరగంట కోసం పోయింది. నేను గోడ మీంచి తెచ్చుకున్నవన్నీ తిరిగిచ్చాను, అది ఎలా తిరిగివ్వను?

మొన్న ఒక పొద్దున. సారు కూరగాయలకని వెళ్ళడం నేను చూశాను. నేను గేటు తీస్తుంటే కొరియర్ అతను బండి ఆపి, పొట్లం మీది పేరు చదివాడు.

"సారు ఉన్నరా మేడం?"

నా ధ్యాస ఎక్కడో ఉంది. షూటింగుకి ఆలస్యమవుతోంది.

"లేరు" అన్నాను.

"ఉన్నారు!"

పైనుంచి వచ్చింది ఆ కేక. ఆంటీ వరండా కమ్మీ పట్టుకుని సగం బయటికి వంగి ఉంది. "ఉన్నారు బాబూ! ఉన్నారు! కూరలకెళ్ళారు, వచ్చేస్తారు, ఉండు!" అంటూ మెట్ల వైపు పరుగుపెట్టింది. చెప్పులు కూడా వేసుకోలేదు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగుతూ, రొప్పుతూ వచ్చింది. కొరియర్ అతను బిత్తరపోయి నన్ను చూస్తున్నాడు. ఆంటీ సంతకం పెట్టి పొట్లం తీసుకుంది. పెద్దక్షరాల బైబిల్, సారు కోసం తెప్పించింది. అతను వెళ్ళిపోయాడు.

"ఆ మాట అనకమ్మా" అంది ఆంటీ. తిట్టలేదు, బతిమాలింది.

ఇక నావల్ల కాలేదు.

"ఆంటీ, ఆ దినం సెట్ల నేను ఉన్న. దండ నేనే ఏసిన. సారు ఉన్నరా అని మేకప్ ఆయన అడిగిండు. లేరని నేనే చెప్పిన."

ఆంటీ గేటు ఊచ పట్టుకుంది.

"తెలిసే అన్నావా?"

"తెలిసే అన్న."

"ఎందుకమ్మా?"

ఈ ప్రశ్నకి ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను, ఇన్ని నెలలుగా. అవన్నీ వదిలేశాను.

"లేటైతదని" అన్నాను.

ఆంటీ పొట్లం వైపు చూసుకుంది. దాని మీద సారు పేరుంది. చీర కొంగుతో అది ఊరికే తుడిచింది.

"సార్‌కి చెప్పకు" అంది. "ఎవరడిగినా అమ్మాయి అప్పుడు అక్కడ లేదు అని చెప్తున్నారు ఆయన. అలాగే ఉండనీ."

సందు మలుపులో సారు కనిపించారు. రెండు చేతుల్లో సంచులు, చంకలో తోటకూర కట్ట. మమ్మల్ని చూసి దూరం నుంచే నవ్వు మొదలుపెట్టారు.

"ఏంటి, ఇద్దరూ గేటు దగ్గరే కాపలా కాస్తున్నారు? నేను ఉన్నానా పోయానా అనా?"

"మీకోసమే" అంది ఆంటీ. "రండి."

"చచ్చినవాడి చేత ఇంత బరువు మోయిస్తారా ఎక్కడైనా? అమ్మాయ్, పట్టుకో" అని సారు ఒక సంచి నా చేతికిచ్చి మెట్ల వైపు నడిచారు. ఆంటీ నా చేతిలోంచి ఆ సంచి తీసుకుని, నా వైపు చూడకుండా, ఆయన వెనకాలే మెట్లెక్కింది.